క్యాన్సర్ స్కాన్‌లో బయటపడే మెడ ధమనుల ఇరుకు: రోగులు, కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

క్యాన్సర్ ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికి తీసిన స్కాన్‌లో కొన్నిసార్లు వైద్యులు వెదకని మరో సంగతి బయటపడుతుంది. మెదడుకు రక్తం చేరవేసే మెడ ధమనుల్లో కొవ్వు, సున్నపు పొర పేరుకొని రక్తం పారే దారి ఇరుకైనట్లు నివేదికలో ఒక వాక్యం ఉంటుంది. క్యాన్సర్ భయంలో ఉన్న కుటుంబం దానిని గమనించకపోవచ్చు. గమనించినా, అది తక్షణ ప్రమాదమో, పట్టించుకోనవసరం లేనిదో తెలియక తికమకపడవచ్చు. పక్షవాతాన్ని ముందుగా నివారించే అవకాశం ఒక్కోసారి ఆ ఒక్క వాక్యంలోనే ఉంటుంది. అదే వాక్యం అనవసరమైన భయానికి, అవసరం లేని శస్త్రచికిత్సకు కూడా దారితీయగలదు. ఈ రెండింటి మధ్య తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెడ ధమనులు అంటే ఏమిటి?

గుండె నుంచి బయలుదేరిన రక్తం మెడకు రెండు వైపులా ఉన్న కెరోటిడ్ ధమనుల ద్వారా తలకు చేరుతుంది. గొంతు పక్కన వేళ్లు ఆనించినప్పుడు కొట్టుకొనే నాడి వీటిదే. దవడ కింద, స్వరపేటిక పై అంచు ఎత్తున ప్రతి ధమనీ రెండుగా చీలుతుంది. లోపలి శాఖ మెదడుకు, కంటికి రక్తాన్ని అందిస్తుంది. వెలుపలి శాఖ ముఖానికి, నెత్తి చర్మానికి అందిస్తుంది.

ధమని చీలే ఈ చోట రక్తప్రవాహం సుడి తిరుగుతుంది. గోడ మీద ఒత్తిడి ఒకే తీరుగా ఉండదు. అందుకే కొవ్వు పొర ఎక్కువగా ఇక్కడే పేరుకుంటుంది. వైద్యులు దీనిని ప్లాక్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అందులో సున్నం చేరి గట్టిపడవచ్చు, లేదా మెత్తగా ఉండి పైపొర చిట్లవచ్చు. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి, దాని ముక్క మెదడులోని సన్నని నాళంలో ఇరుక్కుంటే పక్షవాతం వస్తుంది. కెరోటిడ్ వ్యాధిలో పక్షవాతం చాలా సందర్భాల్లో దారి పూర్తిగా మూసుకుపోవడం వల్ల కాక, ఇలా తెగిపోయిన ముక్క వల్లనే వస్తుంది.

మెడలోని ధమనికి, మెదడుకు వచ్చే పక్షవాతానికి ఉన్న ఈ సంబంధాన్ని కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ 1951లో స్పష్టంగా వివరించారు. ఆ తరువాత మూడేళ్లలోనే అమెరికాలో మైఖేల్ డిబేకీ, లండన్‌లో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ బృందం ఈ ధమనికి శస్త్రచికిత్సలు చేశారు.

క్యాన్సర్ స్కాన్‌లో ఇది ఎందుకు కనిపిస్తుంది?

నోరు, గొంతు, స్వరపేటిక, థైరాయిడ్ క్యాన్సర్లలో గడ్డ ఎంత లోతుకు పాకిందో, మెడలోని గ్రంథులకు చేరిందో లేదో చూడడానికి మెడ భాగమంతా స్కాన్ చేస్తారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, లింఫోమా రోగులకు తీసే పెట్ స్కాన్‌లో కూడా సాధారణంగా మెడ కనిపిస్తుంది. ధమనులు గ్రంథులను ఆనుకొనే ఉంటాయి. కాబట్టి గ్రంథులను పరిశీలించే రేడియాలజిస్టు కంట ధమని పరిస్థితి కూడా పడుతుంది.

అయితే అన్ని స్కాన్లూ ఒకే సమాచారాన్ని ఇవ్వవు. సిరలోకి రంగుమందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్‌లో రక్తం పారే దారి తెల్లగా వెలుగుతుంది. ఎక్కడ ఇరుకైందో అందులో కనిపిస్తుంది. రంగుమందు లేకుండా తీసిన సీటీలో ధమని గోడలోని సున్నపు మచ్చలు మాత్రమే తెలుస్తాయి. సున్నం ఉన్నంత మాత్రాన దారి ఇరుకైనట్లు కాదు. పెట్ స్కాన్‌లో చక్కెర వంటి అణుధార్మిక పదార్థం ధమని గోడలో చేరినట్లు కనిపిస్తే అక్కడ వాపు ఉండవచ్చునని భావిస్తారు. అయితే దాని ఆధారంగానే చికిత్స నిర్ణయించరు. దంతవైద్యులు తీసే దవడ ఎక్స్‌రేలో సైతం ఈ సున్నపు మచ్చలు కనిపించగలవని 1981లోనే గుర్తించారు.

క్యాన్సర్ స్కాన్ ధమనిని కొలవడానికి తీసినది కాదన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. అందులో వచ్చిన ఇరుకు అంచనా తుది మాట కాదు. మరో పరీక్ష అవసరమని చెప్పే సూచన మాత్రమే.

రెండు వ్యాధులకు ఉమ్మడి మూలాలు

క్యాన్సర్ రోగుల్లో ఈ ఇరుకు కనిపించడం పూర్తిగా కాకతాళీయం కాదు. వయసు, పొగాకు ఈ రెండు వ్యాధులకూ కారణాలే. వీటికి రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్ తోడైతే ధమని గోడ ఇంకా త్వరగా పాడవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో 28.6 శాతం వయోజనులు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, ఛత్తీస్‌గఢ్‌లో ఆ సంఖ్య 39.1 శాతం. వారిలో అత్యధికులు వాడేది పొగ లేని పొగాకు. బెల్లపు మడ్డితో కలిపి చేసే గుడాకు అనే పొగాకు ముద్దను పళ్లకు, చిగుళ్లకు రుద్దుకొనే అలవాటు ఇక్కడి పల్లెల్లో, బస్తీల్లో ఆడా మగా తేడా లేకుండా కనిపిస్తుంది.

బిలాస్‌పుర్ తెలుగు కుటుంబాల నేపథ్యం కూడా ఇక్కడ గమనార్హం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే ఈ ప్రాంతంలో లైన్లు వేసిన తరువాత, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎంతోమంది కార్మికులుగా, ఉద్యోగులుగా రైల్వే పట్టణాలకు తరలివెళ్లారు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రంగా ఉన్న బిలాస్‌పుర్‌లో వారి తరువాతి తరాలు స్థిరపడ్డాయి. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో, వెలిగించిన కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మహిళల్లో ఉండేది. అంగిలి క్యాన్సర్‌కు దీనితో ఉన్న సంబంధాన్ని వైద్య పరిశోధకులు దశాబ్దాల కిందటే నమోదు చేశారు. చుట్టైనా, బీడీ అయినా, సిగరెట్టయినా పొగ పీల్చే అలవాటు నోటితో పాటు మెడ ధమనినీ దెబ్బతీస్తుంది. నమిలే పొగాకు కూడా గుండెజబ్బు, పక్షవాతం ముప్పును పెంచుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

రేడియేషన్ చికిత్సతో ముడి

మెడకు రేడియేషన్ చికిత్స తీసుకున్నవారిలో మరో కారణం చేరుతుంది. కిరణాలు క్యాన్సర్ కణాలతో పాటు ధమని లోపలి పొరను, ధమని గోడకే రక్తం అందించే సన్నని నాళాలను కూడా దెబ్బతీస్తాయి. ఫలితం వెంటనే కనిపించదు. ఏళ్లు గడిచిన తరువాత ధమని గోడ మందమై దారి ఇరుకవుతుంది. మెడకు రేడియేషన్ పొందినవారిలో పక్షవాతం ముప్పు కనీసం రెండింతలు అవుతుందని పలు అధ్యయనాల సమీక్షలో తేలింది. సాధారణంగా ప్లాక్ ధమని చీలిక దగ్గరే ఉంటుంది. రేడియేషన్ వల్ల వచ్చే ఇరుకు మాత్రం కిరణాలు తగిలిన మేరకు ధమని పొడవునా వ్యాపించి ఉండవచ్చు.

అందుకే చికిత్సకు ముందు తీసిన స్కాన్‌లో ధమని ఎలా ఉందో నమోదు చేసుకోవడం ఉపయోగకరం. అప్పటికే కొంత ఇరుకు ఉంటే, ఆ తరువాతి సంవత్సరాల్లో మార్పును పోల్చి చూసుకోవడానికి అదే కొలమానం అవుతుంది. క్యాన్సర్ నయమైన రోగికి పదేళ్ల తరువాత వచ్చే పక్షవాతాన్ని నివారించే ప్రయత్నం ఈ నమోదుతోనే మొదలవుతుంది.

నివేదికలోని శాతాలను ఎలా అర్థం చేసుకోవాలి?

ఇరుకును సాధారణంగా మూడు తరగతులుగా చెబుతారు. 50 శాతం లోపు ఉంటే స్వల్పం, 50 నుంచి 69 శాతం వరకు మధ్యస్థం, 70 నుంచి 99 శాతం వరకు తీవ్రం. నూరు శాతం అంటే ధమని పూర్తిగా మూసుకుపోయిందని అర్థం.

ఈ శాతాన్ని లెక్కించే పద్ధతులు రెండు ఉన్నాయి. ఉత్తర అమెరికా పద్ధతిలో ఇరుకైన చోటును దానికి పైన బాగున్న ధమని వెడల్పుతో పోలుస్తారు. ఐరోపా పద్ధతిలో అదే చోట ధమని మొదట ఎంత వెడల్పు ఉండేదో అంచనా వేసి దానితో పోలుస్తారు. ఒకే ధమని మొదటి పద్ధతిలో 50 శాతమని, రెండవ పద్ధతిలో 75 శాతమని తేలవచ్చు. రెండు ఆస్పత్రుల నివేదికల్లో అంకెలు వేరుగా ఉంటే వ్యాధి ముదిరిందని వెంటనే అనుకోకూడదు. ఏ పద్ధతిలో కొలిచారో వైద్యుణ్ణి అడగాలి.

తదుపరి పరీక్షల్లో మొదటిది డాప్లర్ అల్ట్రాసౌండ్. దీనికి సూది, రంగుమందు, రేడియేషన్ ఏవీ అవసరం లేదు. ఇరుకైన చోట కాలువలో నీరు వడిగా పారినట్లే ఇరుకైన ధమనిలో రక్తం వేగం పెరుగుతుంది. ఆ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇరుకు 50 శాతం కంటే తక్కువని, 230 దాటితే 70 శాతం లేదా అంతకు మించి ఉందని 2003లో నిపుణులు అంగీకరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. డాప్లర్‌లో తీవ్రమైన ఇరుకు కనిపించి, ధమనికి చికిత్స ఆలోచిస్తున్నప్పుడు సీటీ యాంజియోగ్రామ్ లేదా ఎమ్మార్ యాంజియోగ్రామ్‌తో నిర్ధారించుకుంటారు.

లక్షణాలు ఉన్నాయా, లేవా?

శాతం కంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇది. గత ఆరు నెలల్లో రోగికి పక్షవాతం గాని, కొద్దిసేపట్లో దానంతట అదే తగ్గిపోయిన తాత్కాలిక పక్షవాతం గాని వచ్చిందా అని వైద్యులు ఆరా తీస్తారు. ఒక చేయి కొన్ని నిమిషాలు పట్టు తప్పడం, మూతి వంకర పోయి సర్దుకోవడం, మాట తడబడటం, ఒక కంటి ముందు తెర దించినట్లు చూపు పోయి మళ్లీ రావడం వంటివి ఇందుకు గుర్తులు. క్యాన్సర్ నీరసమనో, కీమోథెరపీ ప్రభావమనో కుటుంబాలు వీటిని దాటవేసే అవకాశం ఉంది. వీటిని తప్పక వైద్యుని దృష్టికి తీసుకురావాలి.

లక్షణాలు కనిపించినవారిలో తీవ్రమైన ఇరుకు ఉంటే ముప్పు చాలా ఎక్కువ. 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనంలో ఇటువంటి రోగులకు మందులు మాత్రమే ఇచ్చినప్పుడు రెండేళ్లలో నూటికి 26 మందికి అదే వైపు పక్షవాతం వచ్చింది. ధమనిని తెరచి పొరను తొలగించే ఎండార్టెరెక్టమీ శస్త్రచికిత్స చేసినవారిలో అది నూటికి 9కి తగ్గింది. ఇటువంటివారికి వీలైతే లక్షణాలు కనిపించిన రెండు వారాల లోపే చికిత్స చేయడం మేలు.

ఏ లక్షణమూ లేకుండా స్కాన్‌లో మాత్రమే ఇరుకు బయటపడినవారి పరిస్థితి వేరు. క్యాన్సర్ స్కాన్‌లో యాదృచ్ఛికంగా తెలిసే కేసుల్లో ఎక్కువ భాగం ఇటువంటివే. 1995లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో 60 శాతానికి మించిన ఇరుకు ఉన్న ఇటువంటివారిలో అయిదేళ్ల ముప్పు శస్త్రచికిత్సతో నూటికి 11 నుంచి 5కు తగ్గింది. అప్పటికి నేటి శక్తిమంతమైన కొలెస్ట్రాల్ మందులు విస్తృత వాడుకలో లేవు. 2025 నవంబరులో ఫలితాలు ప్రకటించిన క్రెస్ట్-2 అధ్యయనంలో, 70 శాతానికి మించిన ఇరుకు ఉండి లక్షణాలు లేనివారిని పరిశీలించారు. నేటి మందులు మాత్రమే వాడినవారిలో నాలుగేళ్లలో పక్షవాతం వంటి ఘటనలు నూటికి అయిదారుగురిలోనే కనిపించాయి. మందులకు తోడు స్టెంట్ అమర్చినవారిలో ఆ సంఖ్య మూడు లోపే ఉంది. శస్త్రచికిత్స విభాగంలో మాత్రం మందులతో పోలిస్తే స్పష్టమైన తేడా తేలలేదు.

అంటే, లక్షణాలు లేని ఇరుకు అత్యవసర పరిస్థితి కాదు. ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

క్యాన్సర్ రోగి విషయంలో నిర్ణయం ఎలా మారుతుంది?

లక్షణాలు లేనివారికి ధమని చికిత్స వల్ల ప్రయోజనం సంవత్సరాల మీద సమకూరుతుంది. ముప్పు మాత్రం చికిత్స జరిగిన రోజునే ఎదురవుతుంది. అందువల్ల రోగి ఇంకా అయిదేళ్లయినా జీవించే అవకాశం ఉన్నప్పుడు, చికిత్స చేసే కేంద్రంలో పక్షవాతం లేదా మరణం నూటికి మూడుకు మించనప్పుడు మాత్రమే దానిని ఆలోచించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొలి దశలో ఉన్న నోటి క్యాన్సర్ రోగికి, శరీరమంతా వ్యాపించిన క్యాన్సర్ రోగికి ఒకే సలహా వర్తించదు. క్యాన్సర్ వైద్యుని అంచనా లేకుండా ధమని గురించి నిర్ణయం తీసుకోలేకపోవడానికి కారణం ఇదే.

చికిత్సల వరుస క్రమం కూడా ముఖ్యం. రేడియేషన్ పొందిన మెడలో కణజాలం గట్టిపడి అతుక్కుపోతుంది. తరువాత అక్కడ కోత పెట్టడం కష్టం. నరాలకు గాయమయ్యే అవకాశమూ పెరుగుతుంది. అటువంటివారికి స్టెంట్ వైపు మొగ్గు చూపడం సాధారణం. అయితే స్టెంట్ వేసిన తరువాత కొన్ని వారాల పాటు రక్తాన్ని పలుచన చేసే రెండు మందులు ఆపకుండా వాడాలి. ఆ సమయంలో క్యాన్సర్ శస్త్రచికిత్స ఉంటే రక్తస్రావం ఇబ్బంది అవుతుంది. క్యాన్సర్ చికిత్సను ఆలస్యం చేయడం కూడా మంచిది కాదు. అందుకే లక్షణాలు లేని చాలా సందర్భాల్లో క్యాన్సర్ చికిత్సకే ప్రాధాన్యం ఇచ్చి, ధమనికి మందులు మొదలుపెడతారు.

మందుల విషయంలోనూ కొన్ని జాగ్రత్తలు అవసరం. ఆస్పిరిన్ వంటి మందు రక్తపు గడ్డలను నివారిస్తుంది. కీమోథెరపీ వల్ల ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు అదే మందు రక్తస్రావానికి కారణం కావచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో కొన్ని, క్యాన్సర్ మందుల్లో కొన్ని కాలేయంలో ఒకే మార్గంలో విచ్ఛిన్నమవుతాయి. రెండూ కలిసినప్పుడు ఒకదాని మోతాదు రక్తంలో పెరగవచ్చు. రేడియేషన్‌కు ముందు పళ్లు తీయించుకోవలసి వచ్చినా, ముక్క పరీక్ష చేయించుకోవలసి వచ్చినా రోగి తనంత తానుగా ఆస్పిరిన్ ఆపకూడదు. వాడుతున్న మందులన్నింటి జాబితాను ప్రతి వైద్యునికీ చూపాలి.

అందరూ పరీక్ష చేయించుకోవాలా?

అవసరం లేదు. సాధారణ జనాభాలో తీవ్రమైన ఇరుకు అరుదు. లక్షణాలు లేనివారందరికీ పరీక్షలు చేస్తే తప్పుడు అనుమానాలు, వాటి వెంట అనవసర చికిత్సలు పెరుగుతాయి. ఈ కారణంతోనే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2014లో ఇటువంటి సామూహిక పరీక్షలు వద్దని సూచించి, 2021లోనూ అదే మాటకు కట్టుబడింది. ఇప్పటికే స్కాన్‌లో కనిపించిన ఇరుకు సంగతి వేరు. అది తెలిసిన సమాచారం. దానిని వదిలివేయడానికి కారణం ఉండదు.

దూర ప్రయాణాల్లో తప్పిపోయే కాగితం

బిలాస్‌పుర్‌లో ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ, రైల్వే ఉద్యోగులకు కేంద్రీయ ఆస్పత్రి ఉన్నాయి. అయినా క్యాన్సర్ చికిత్సకు రాయ్‌పుర్‌లోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికో, నాగ్‌పుర్‌కో, ముంబయికో వెళ్లే రోగులు ఉంటారు. తెలుగు కుటుంబాలు బంధువుల అండ ఉంటుందని విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రినో, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ సంస్థనో ఆశ్రయించడమూ సహజమే. స్కాన్ ఒక ఊళ్లో, శస్త్రచికిత్స మరో ఊళ్లో, మందులు ఇంటి దగ్గర అయినప్పుడు, ధమని గురించి రాసిన వాక్యం చేతులు మారేకొద్దీ మరుగున పడుతుంది. ఒక్కోసారి నివేదిక చివరి సారాంశంలో కాక లోపలి పేరాలోనే అది ఉంటుంది.

అందువల్ల నివేదిక మొత్తం నకలును, స్కాన్ చిత్రాలున్న సీడీని రోగి తన దగ్గర ఉంచుకోవాలి. మెడ రక్తనాళాల గురించి ఏమైనా రాశారా అని వైద్యుణ్ణి నేరుగా అడగాలి. ఇరుకు ఉందని రాసి ఉంటే, డాప్లర్ ఎప్పుడు చేయించాలో, మళ్లీ ఎన్నాళ్లకు చూపించుకోవాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ పరీక్షలకు, మందులకు ఇంటి దగ్గరి వైద్యుడే చాలు. చికిత్స కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్లే సహాయకునికి రైల్వే ఛార్జీల్లో రాయితీ ఇస్తుంది. ఇందుకు చికిత్స చేస్తున్న ఆస్పత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం అవసరం.

గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశాలు

స్కాన్‌లో ఇరుకు కనిపించడం పక్షవాతం వచ్చినట్లు కాదు. ముందు డాప్లర్‌తో నిర్ధారించుకోవాలి.

లక్షణాలు లేనివారికి ఆస్పిరిన్, స్టాటిన్ వంటి మందులు, రక్తపోటు అదుపు, పొగాకు మానివేయడం ప్రధాన చికిత్స. క్యాన్సర్ నిర్ధారణ అయిన తరువాత పొగాకు మానినా రెండు వ్యాధులకూ మేలు జరుగుతుంది.

మెడకు రేడియేషన్ పొందినవారు క్యాన్సర్ తగ్గిన తరువాత కూడా ధమనుల పరీక్ష గురించి వైద్యుణ్ణి సంప్రదించాలి.

మూతి వంకర పోవడం, చేయి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట తడబడటం, అకస్మాత్తుగా చూపు పోవడం వంటి వాటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి చేరాలి. గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది. క్యాన్సర్ రోగులందరికీ ఆ మందు తగకపోవచ్చు. అది వైద్యులు నిర్ణయించాలంటే రోగి ముందు సమయానికి అక్కడ ఉండాలి. లక్షణం దానంతట అదే తగ్గిపోయినా ఆ రోజే వైద్యునికి చూపించుకోవాలి.